రొమ్ము పట్టినా అలసిపోయే పసిబిడ్డకు పిండిన పాలు ఎలా పట్టించాలి?

ప్రశ్న: కొత్త తల్లి

నమస్కారం. మా పాప 36 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు 2.6 కిలోలు ఉన్న బరువు ఐదో రోజుకు 2.34 కిలోలకు దిగింది. తొమ్మిదో రోజైన ఈ రోజు తూచితే 2.38 కిలోలు ఉంది. రొమ్ము నోటికి అందించగానే పట్టుకుంటుంది కానీ, ఏడెనిమిది గుటకలు వేసేసరికి కళ్ళు మూతపడిపోతాయి. అరికాలు గీరినా, బుగ్గ నిమిరినా, చుట్టిన గుడ్డ తీసేసినా మరో రెండుసార్లు చప్పరించి మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది. డాక్టరు గారు పాపను పూర్తిగా పరీక్షించి, కామెర్లు హద్దులోనే ఉన్నాయనీ, నాలుకకూ అంగిలికీ ఏ లోపమూ లేదనీ, నెలలు పూర్తిగా నిండకపోవడం వల్ల తాగే ఓపిక చాలకపోవడమే కారణమనీ చెప్పారు. ప్రతిసారీ రొమ్ము ఇచ్చిన తరువాత, పిండిన పాలు 30 మి.లీ. చొప్పున రోజుకు కనీసం ఎనిమిదిసార్లు పట్టించమన్నారు.

నాకు పాలు బాగానే పడ్డాయి. పంపుతో తీస్తే రెండు వైపులా కలిపి ఒక్కోసారి 40 మి.లీ. వరకు వస్తున్నాయి. చిక్కంతా ఆ పాలను పాప కడుపులోకి చేర్చడంలోనే ఉంది. చెంచాతో పట్టిస్తే 30 మి.లీ. అయ్యేసరికి నలభై నిమిషాలు గడిచిపోతున్నాయి, ఇంతలో తరువాతి పాల వేళ దగ్గర పడుతోంది. నిన్న రాత్రి చిన్న కప్పుతో ప్రయత్నించాను. సగం పాలు మెడ మీదుగా కారిపోయాయి, పైగా ఒకసారి పొలమారి పాప ముఖం ఎర్రబడిపోయేసరికి నా చేతులు వణికిపోయాయి. సీసాతో ఇద్దామని మా వారు అంటున్నారు. సీసాకు అలవాటుపడితే రొమ్మును వదిలేస్తుందేమోనని నా భయం. మూడు నెలల తరువాత నేను ఉద్యోగానికి వెళ్ళక తప్పదు కనుక అప్పటి ఏర్పాటు గురించి కూడా ఆలోచించాల్సి ఉంది. కప్పు, చెంచా, సిరంజి, సన్నని గొట్టం, సీసా, వీటిలో మా పరిస్థితికి ఏది తగినదో, దాన్ని సరిగ్గా ఎలా వాడాలో అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: శిశువుల వార్డులో పనిచేసిన నర్సు

అమ్మా, చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడింటినీ ఒక వరుసలో నడిపించే నేర్పు బిడ్డకు గర్భంలో సుమారు 34 వారాల వేళకు కుదురుతుంది. నేర్పు వచ్చినంత మాత్రాన ఓపిక రాదు. 36 వారాలకు పుట్టిన బిడ్డలు చూడటానికి నెలలు నిండినవారిలాగే ఉంటారు కాబట్టి, చాలినన్ని పాలు తాగుతున్నారనే మనం అనుకుంటాం. వారేమో ఆకలి తీరకముందే అలసి నిద్రపోతారు. మీ పాపకు జరుగుతున్నది ఇదే. నెలలు నిండే తేదీ దగ్గర పడేకొద్దీ చాలామంది పిల్లలు దీన్ని దాటేస్తారు.

అంతవరకు ముందుగా బిడ్డ కడుపు నిండాలి, ఆ తరువాత మీ పాలు తగ్గకుండా చూసుకోవాలి, ఆపైన రొమ్ము దగ్గరి అలవాటు చెడకుండా కాపాడుకోవాలి. ఏ పద్ధతినైనా ఈ వరుసలోనే తూచి చూడండి. రొమ్ము అలవాటు కోసం బిడ్డను అర్ధాకలితో ఉంచితే ఆ అలవాటు కూడా దక్కదు, ఎందుకంటే బరువు పెరగని బిడ్డకు చప్పరించే బలం మరింత తగ్గుతుంది.

మీకు ఇప్పుడు కప్పే తగినదని నా అభిప్రాయం. నిన్న రాత్రి పాలు కారిపోవడం, పొలమారడం చూస్తే, కప్పును వంచి పాలు నోట్లో పోసి ఉంటారని అనిపిస్తోంది. మొదటిసారి దాదాపు అందరూ అలాగే చేస్తారు. కప్పుతో పాలు పోయకూడదు, పాలను పెదవి దాకా తెచ్చి ఆగాలి. పాప పూర్తిగా మేలుకున్నాక, చేతులు కప్పుకు తగలకుండా గుడ్డ చుట్టి, ఒళ్ళో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకోండి. మీ అరచేయి భుజాలకూ మెడకూ ఆసరాగా ఉండాలి, తలను వెనక నుంచి ముందుకు నెట్టకూడదు. అంచు నున్నగా ఉన్న చిన్న కప్పులో సగానికి పైగా పాలు తీసుకుని, అంచును కింది పెదవి మీద బరువు పడకుండా ఆనించి, పాలు పై పెదవిని తాకేంత వరకే వంచండి. ఇక కదపకండి. కొన్ని క్షణాల్లో పాప నాలుక బయటికి వచ్చి, పిల్లికూన తాగినట్టు పాలను అందుకుంటుంది. రెండు మూడు గుటకల తరువాత ఊపిరి కోసం ఆగుతుంది. అప్పుడు కప్పును తీసేయకుండా, పాలు మాత్రం వెనక్కి వెళ్ళేలా కొంచెం దించి, మళ్ళీ నాలుక కదిలాకే వంచండి. కళ్ళు మూసుకుంటే ఆపేయాలి. నిద్రలో ఉన్న బిడ్డ నోట్లో ఒక్క చుక్క కూడా వేయకూడదు.

ఎన్ని పాలు కారిపోయాయో కంటితో అంచనా వేయకండి. పొడి గుడ్డను వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి గడ్డం కింద పెట్టండి. పట్టించడం అయ్యాక మళ్ళీ తూచితే, పెరిగిన ప్రతి గ్రాముకూ సుమారు ఒక మి.లీ. పాలు గుడ్డలోకి పోయినట్టు లెక్క. ఆ మేరకు మళ్ళీ పట్టించాలి.

చెంచా మొదటి రెండు మూడు రోజులకు చాలా మంచిది. మొదటి రోజున బిడ్డ ఒక్కోసారి తాగే ముర్రుపాలు 2 నుంచి 10 మి.లీ. లోపే ఉంటాయి, పిండినవి పిండినట్టు చెంచాలోకే పట్టి ఇవ్వవచ్చు. మీరు ఆ దశను దాటేశారు. ముక్కున్న ఉగ్గుగిన్నె కప్పు కంటే త్వరగా పని కానిస్తుంది, కానీ ప్రవాహమంతా పట్టించేవారి చేతిలో ఉంటుంది కాబట్టి కొద్దికొద్దిగా వంచుతూ, ప్రతి గుటకా పూర్తయ్యేవరకు ఆగాలి. సిరంజిని 30 మి.లీ. పట్టించడానికి కాకుండా, రొమ్ము దగ్గర పాప ఇంకా మేలుకునే ఉండి చప్పరింపు మందగించినప్పుడు పెదవి మూలన ఒకటి రెండు చుక్కలు వేసి మళ్ళీ చప్పరింపజేయడానికి వాడండి.

ఇంకొక్క మాట. రొమ్ము దగ్గర పదిహేను ఇరవై నిమిషాలకు మించి ఉంచకండి, వెంటనే కప్పు, ఆ వెంటనే పంపు. మొత్తం గంటలోపు ముగియాలి. మీరు పంపు చేస్తున్నప్పుడు మీ వారు కప్పుతో పట్టించగలిగితే మీ ఇద్దరికీ కాస్త నిద్ర మిగులుతుంది.

సమాధానం: గొట్టంతో ఏడు వారాలు గడిపిన తల్లి

నర్సు గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూనే, మీరు అడిగిన సన్నని గొట్టం గురించి నా అనుభవం చెబుతాను. మా బాబు నెలలు నిండి పుట్టాడు, రొమ్మును గట్టిగానే పట్టుకునేవాడు, కానీ నాకు పాలు తక్కువ. వాడికి అదనపు పాలను రొమ్ము దగ్గరే అందించే ఏర్పాటును నాకు ఒక తల్లిపాల సలహాదారు నేర్పించారు. పాలున్న చిన్న పాత్రను మెడకు వేలాడదీసుకుని, అందులోంచి వచ్చే సన్నని గొట్టాన్ని రొమ్ముకు టేపుతో అంటించి, దాని కొన చనుమొన చివరను కాస్త దాటేలా పెట్టుకోవాలి. బిడ్డ చనుమొననూ గొట్టాన్నీ కలిపి నోట్లోకి తీసుకుంటాడు. అలా చప్పరించినప్పుడు నా పాలూ, పాత్రలోని పాలూ కలిసి వస్తాయి. బిడ్డ చప్పరింపే పాలు ఊరడానికి పిలుపు కాబట్టి, కడుపు నిండుతున్నంతసేపూ ఆ పిలుపు నా ఒంటికి అందుతూ ఉండేది. మిగిలిన ఏ పద్ధతిలోనూ ఈ సౌలభ్యం లేదు.

పాత్రను పైకి జరిపితే పాలు వేగంగా వస్తాయి, కిందికి దించితే బిడ్డ కష్టపడి లాగాలి. మీ పాపలా త్వరగా అలసిపోయే బిడ్డకు కొంచెం ఎత్తులోనే మొదలుపెట్టి, బలం వచ్చేకొద్దీ దించుకుంటూ రావచ్చు. అయితే ఎత్తు పెంచినప్పుడు పొలమారకుండా గమనిస్తూ ఉండాలి.

ఇందులోని కష్టాన్ని కూడా దాచకుండా చెప్పాలి. అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తుంటే, చెమటకు టేపు అంటుకోక, గొట్టం మాటిమాటికీ జారిపోయి, పాలు నా ఒళ్ళోకి కారిపోయిన రాత్రులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. పట్టించిన వెంటనే ముందు చల్లని నీటినీ, తరువాత గోరువెచ్చని సబ్బునీటినీ, చివరగా మంచినీటినీ సిరంజితో గొట్టంలోంచి పంపకపోతే పాలు లోపల ఎండి అట్టకట్టేవి. రెండో వారంలో నేను పగటిపూట మాత్రమే గొట్టం వాడి, రాత్రిపూట కప్పుకు మారాను. ఆ నిర్ణయం తీసుకోకపోయి ఉంటే మొత్తం మానేసేదాన్నేమో. నా పాలు ఎప్పటికీ పూర్తిగా సరిపోయే స్థాయికి రాలేదు. అయినా బాబు పధ్నాలుగు నెలల వరకు రొమ్ము తాగాడు.

ఇదే గొట్టాన్ని వేలికి ఆనించి కూడా పట్టించవచ్చు. గోరు పొట్టిగా కత్తిరించి, చేయి శుభ్రంగా కడుక్కుని, వేలి మెత్తని భాగం అంగిలికి తగిలేలా పెడితే బిడ్డ దాన్ని చప్పరిస్తూ పాలు లాగుతుంది. రొమ్ము దగ్గరకు రాగానే ఏడ్చే బిడ్డను రెండు నిమిషాలు ఇలా శాంతపరచి, ఆ వెంటనే రొమ్ముకు మార్చడానికి ఇది నాకు పనికివచ్చింది.

సమాధానం: ఇద్దరు పిల్లల తండ్రి

అమ్మా, మీ వారి తరఫున కూడా ఒక మాట చెప్పాలనిపించింది. మా పెద్దమ్మాయికి సీసా ఇస్తే రొమ్ము మరిచిపోతుందని అందరూ భయపెట్టడంతో, నా భార్య పన్నెండు రోజులు చెంచాతోనే నెట్టుకొచ్చి, నిద్ర లేక జ్వరం తెచ్చుకుంది. ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తల్లిపాల గురించి 1989లో ప్రకటించిన పది సూత్రాల్లో, రొమ్ము తాగే పిల్లలకు కృత్రిమ పీకలు ఇవ్వనే కూడదని ఉండేది. 2018లో ఆ సూత్రాన్ని సవరించి, సీసాలు, పీకల వాడకం గురించీ వాటి వల్ల కలిగే ఇబ్బందుల గురించీ తల్లులకు వివరించాలని రాశారు. అంటే జాగ్రత్త అవసరమే కానీ, సీసా ముట్టుకోవడమే తప్పన్నంత భయం అక్కర్లేదని నేను అర్థం చేసుకున్నాను.

సీసాతో వచ్చే చిక్కు ప్రధానంగా వేగంలో ఉంది. రొమ్ము దగ్గర చేపు వచ్చేదాకా బిడ్డ కాసేపు ఓపిక పట్టాలి, చేపు తగ్గాక మళ్ళీ కష్టపడాలి. సీసాను నిలువుగా ఎత్తిపట్టుకుంటే మొదటి క్షణం నుంచి చివరి చుక్క దాకా పాలు వాటంతట అవే కారుతూ ఉంటాయి. మా రెండో బిడ్డకు నేను నేర్చుకుని పట్టించిన తీరు ఇది. అతి నెమ్మదిగా పాలు వచ్చే పీకను ఎంచుకుని, బిడ్డను దాదాపు కూర్చున్నట్టు పట్టుకుని, పీకతో పై పెదవిని తాకించి, రొమ్ముకు తెరిచినట్టే నోరు పెద్దగా తెరిచేవరకు ఆగేవాణ్ణి. సీసాను నేలకు సమాంతరంగా ఉంచితే పీకలో సగం మేరకే పాలు ఉంటాయి. నాలుగైదు గుటకల తరువాత సీసా వెనుక భాగాన్ని కిందికి దించి, బిడ్డ ఊపిరి పీల్చుకుని మళ్ళీ చప్పరించడం మొదలుపెట్టాక పైకి తెచ్చేవాణ్ణి. సగంలో త్రేన్పించి, ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చుకునేవాణ్ణి. అలా పట్టిస్తే పదిహేను ఇరవై నిమిషాలు పట్టేది. కనుబొమలు ముడిపడినా, చేతివేళ్ళు విచ్చుకుని బిగుసుకున్నా, పెదవి మూలన పాలు కారినా వేగం ఎక్కువైందని తెలుసుకుని ఆపేసేవాణ్ణి.

మీ పాప ఇంకా తొమ్మిది రోజులదే కాబట్టి ఇప్పటికి కప్పే మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ కప్పుతో మీ ఇద్దరికీ చేతకాకపోతే, అపరాధభావం లేకుండా ఈ పద్ధతిలో సీసా ఇవ్వండి. ఉద్యోగం విషయానికి వస్తే, రొమ్ము తాగడం స్థిరపడ్డాక, మీరు వెళ్ళడానికి రెండు మూడు వారాల ముందు మీ వారి చేతో, పాపను చూసుకునేవారి చేతో మొదలుపెట్టించండి. తల్లి వాసన తగిలితే కొందరు పిల్లలు సీసాను దగ్గరకు కూడా రానివ్వరు కాబట్టి ఆ సమయంలో మీరు గదిలో లేకపోవడమే మంచిది. అప్పటికి కప్పుకు బాగా అలవాటుపడి ఉంటే దానితోనే కొనసాగించవచ్చు, కడగడమూ సులభమే.

సమాధానం: శిశువుల వార్డులో పనిచేసిన నర్సు

పై తండ్రి గారు సీసా పట్టించే తీరును చాలా చక్కగా వివరించారు. ఆ మాటల్లో నేను దిద్దవలసింది ఏమీ లేదు. అయితే నెలలు నిండని పిల్లల విషయంలో నేను కప్పు వైపు మొగ్గడానికి కారణం ఉంది. అలాంటి పిల్లలపై జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, అదనపు పాలను సీసాతో కాకుండా ఇచ్చినప్పుడు, ఇంటికి వెళ్ళేనాటికి ఎక్కువమంది పిల్లలు రొమ్ము తాగుతున్నట్టు తేలింది. అయితే అందులోని ఒక పరీక్షలో కప్పు కేటాయించిన పిల్లల్లో చాలామందికి మధ్యలో సీసా కూడా ఇచ్చారు. కప్పుతో అందరికీ ఓపిక ఉండదని వార్డులో నేనూ చూశాను. అందుకే నా సలహా ఏమిటంటే, సరైన పద్ధతిలో కప్పును మూడు రోజులు ప్రయత్నించి, కారిపోయే పాలు తగ్గకపోతే సీసాకు మారండి. పంపు మాత్రం ఏ పద్ధతిలోనూ ఆపకండి. రొమ్ములో పాలు నిలవ ఉండిపోతే ఊరడం తగ్గిపోతుంది.

ప్రశ్న అడిగిన తల్లి

మీ అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. మొదటి రోజు గుడ్డను తూచితే 30 మి.లీ.లో 11 గ్రాములు గుడ్డలోకే పోయినట్టు తేలింది. మరో 10 మి.లీ. మళ్ళీ పట్టించాను. నేను ఎంతగా పోస్తున్నానో అప్పుడే తెలిసింది. రెండో రోజు పొద్దున కప్పును కదపకుండా పట్టుకుని మనసులో అంకెలు లెక్కపెడుతూ కూర్చున్నాను. పన్నెండు అనుకుంటుండగా చిన్న గులాబీ రంగు నాలుక బయటికి వచ్చి, అంచు దాటి పాలను తాకి లోపలికి వెళ్ళింది. మా వారూ నేనూ ఊపిరి బిగబట్టి చూశాం. ఈ రోజు గుడ్డలోకి పోయింది 4 గ్రాములే. పట్టించడం పన్నెండు నిమిషాల్లో అయిపోతోంది. రాత్రి రెండుసార్లు మా వారే పట్టిస్తున్నారు. ఈ ఉదయం పాప బరువు 2.5 కిలోలు.

ఇప్పుడు రెండు సందేహాలు ఉన్నాయి. పాలు కొంచెం మిగులుతున్నాయి, వాటిని ఎంతసేపు నిలవ ఉంచవచ్చు? ఈ అదనపు పాలను ఎప్పుడు, ఎలా తగ్గించాలి?

సమాధానం: శిశువుల వార్డులో పనిచేసిన నర్సు

నాలుగు రోజుల్లో 120 గ్రాములంటే రోజుకు 30 గ్రాములు, చాలా చక్కని పెరుగుదల. చదివి ఎంతో సంతోషించాను.

అప్పుడే పిండిన పాలు గది వేడి 25 డిగ్రీలకు మించకపోతే నాలుగు గంటల వరకు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు నిలవ ఉంటాయి. గడ్డకట్టించే అరలో ఆరు నెలలలోపు వాడేయడం మంచిది. మీ పాప నెలలు నిండకముందే పుట్టింది కనుక, ఈ గడువుల విషయంలో మీ డాక్టరు గారు ఇంకా తక్కువ చెబితే అదే పాటించండి. గడ్డకట్టిన పాలను కరిగించాక ఫ్రిజ్‌లోనే ఉంచి ఒక రోజులోపు వాడాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. వెచ్చబెట్టడానికి గిన్నెను వేడినీటిలో ఉంచితే చాలు. మైక్రోవేవ్‌లో పెడితే పాలు ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేంత వేడిగా అవుతాయి. పాప నోరు పెట్టిన కప్పులో మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయండి. ఎప్పుడైనా మీ పాలు చాలకపోతే, ఏ పాలు ఇవ్వాలో డాక్టరును అడగండి. డబ్బా పాలు ఇవ్వమంటే డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు పెంచకూడదు.

తగ్గించే విషయంలో తొందర వద్దు. పాప పుట్టినప్పటి బరువును దాటాలి, రోజుకు ఆరుకు తగ్గకుండా గుడ్డలు బాగా తడపాలి, రొమ్ము దగ్గర పది నిమిషాలకు పైగా గుటకలు వినిపించాలి. ఈ మూడూ కనిపించాక, డాక్టరు గారికి చెప్పి, పాప బాగా చురుగ్గా ఉండే వేళలో ఒక్కసారి మాత్రం 30కి బదులు 20 మి.లీ. ఇవ్వండి. రెండు మూడు రోజులకొకసారి అదే త్రాసు మీద, బట్టలు లేకుండా తూచి, పెరుగుదల తగ్గకపోతే మరో వేళలో తగ్గించండి. ముందు పగటి వేళల్లో తగ్గించి, రాత్రివి చివరికి ఉంచండి.

మధ్యలో పాప పాలకు కూడా లేవకుండా నిద్రపోతున్నా, తడిపే గుడ్డలు తగ్గినా, ఒంటి పసుపు పొట్ట దాటి కాళ్ళకు దిగినా, తాగేటప్పుడు పెదవులు నీలంగా మారినా, ఇక్కడ రాసి సమాధానం కోసం ఎదురుచూడకుండా అదే గంటలో డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.